ఏడు నిమిషాల సారు

మా సారు పోయిన సంగతి నాకు హబ్సిగూడలో, టిఫిన్ సెంటర్ ముందు నిలబడి దోసె తింటున్నప్పుడు తెలిసింది. మూడు వారాలుగా ఆసుపత్రిలో ఉన్నారని తెలుసు. కిడ్నీలు పనిచేయడం లేదనీ తెలుసు. వెళ్ళి చూడాలని రోజూ అనుకుంటూ, ఇవాళ క్లాసులున్నాయి, రేపు పేపర్లు దిద్దాలి అంటూ గడిపేశాను. డిపార్టుమెంటు పాత విద్యార్థులంతా ఉండే ఫోను గ్రూపులో ఎవరో రాశారు: “మన ఏడు నిమిషాల సారు ఇక లేరు.” దాని కింద బారులు తీరిన దణ్ణాలు. అందరూ పెట్టారు కదా అని నేనూ ఒక దణ్ణం పెట్టి, మిగిలిన దోసె చెత్తడబ్బాలో పడేసి చేయి కడుక్కున్నాను.

పెట్టాక నా మీద నాకే ఒళ్ళు మండింది. రాసినవాడు ప్రేమగానే రాశాడు పాపం. కానీ ఆ పేరు ఆయనకు తెచ్చిపెట్టిన పొరపాటు నాది. ఆ ఏడు నిమిషాలూ నావి. ఈ మాట ఆయన నన్ను చెప్పనివ్వలేదని ఇన్నాళ్ళూ నాకు నేను సర్దిచెప్పుకుంటూ వచ్చాను. నిజానికి ఆయన ఆపింది ఒక్క రోజు. తర్వాతి ఆరేళ్ళూ నా నోరు ఎవరూ మూయలేదు. ఇప్పుడు ఆయన గురించి నాలుగు మంచి మాటలు రాయమన్నారు. ముందు ఈ సంగతి రాస్తే తప్ప ఆ నాలుగు మాటలు నాకు కలంలోకి రావు.

తార్నాక పక్కనే ఉన్న క్యాంపస్‌లో ఆయన ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చెప్పేవారు. రాయలసీమ మనిషి. ఆడపిల్లలందరూ ఆయనకు “పాప”లే. నాకు ముప్పై దాటాక కూడా పాపనే. ఆయన ఉద్యోగజీవితమంతా పట్టుకుని వేలాడింది ఒకే ఒక్క విషయం: ఒకచోట వోల్టేజి ఊగితే ఆ ఊగుడు తీగల వెంట ఎటు పోతుంది, ఎంత దూరం పోతుంది, ఎవరింట్లో లైట్లు కొట్టుకుంటాయి. తెనాలి దగ్గర మిషన్ స్కూల్లో టీచరుగా చేసిన మా అమ్మకు ఇది చెబితే, “లైట్లు కొట్టుకుంటే కరెంటోళ్ళకి చెప్తారు గానీ, దానికి కూడా పీహెచ్‌డీ ఏంటే?” అంది. సారుకు ఈ మాట చెబితే చాలా మెచ్చుకున్నారు. మీ అమ్మను ఒకసారి క్లాసుకు తీసుకురమ్మన్నారు.

ఎవరింటికి వెళ్ళినా ముందు సీలింగు వంక చూసేవారు. పలకరింపులు ఆ తర్వాతే. భుజానికి ఒక గుడ్డ సంచీ, అందులో తువ్వాలులో చుట్టిన పాతకాలపు పసుపు రంగు బల్బు, ఒక హోల్డరు, రెండు గజాల వైరు. ఇప్పటి ఎల్ఈడీ లైట్లు చాలావరకు ఊగుడును దాచేస్తాయి, పాత బల్బు ఉన్నదున్నట్టు చెప్పేస్తుంది. తార్నాక వీధుల్లో ఎవరు పిలిచినా వెళ్ళి, ఆ బల్బు వాళ్ళ హాల్లో వెలిగించి, కింద తెల్లకాగితం పరిచి, దానిమీద అరచెయ్యి ఎత్తిపట్టి, చేతినీడ కదులుతుందేమో చూస్తూ గంటసేపు కూర్చునేవారు. ఇంటావిడ తెచ్చిన కాఫీ చల్లారిపోయేది. ఒకసారి ఒకావిడ నన్ను వంటింట్లోకి పిలిచి, “ఏందమ్మా, సారు గట్ల తన చెయ్యి తనే చూస్కుంటుండు, జాతకం గిట్ల చెప్తడా?” అని అడిగింది.

క్లాసులో బోర్డు మీద లెక్క రాసేముందు ఆయన ఎప్పుడూ నీళ్ళ ట్యాంకు బొమ్మ గీసేవారు. “మీ అపార్ట్‌మెంటు పైన ట్యాంకు ఉంటాది గదా పాపా. ట్యాంకు కాడ ఎవడో వాల్వు అటూ ఇటూ తిప్పినాడనుకో. కింద ఎన్ని ఇళ్ళుంటే అన్ని ఇళ్ళల్లో కొళాయి సన్నగా, లావుగా పడతాది. అదే నువ్వు కింది ఇంట్లో నీ కొళాయి తిప్పితే? పక్కింటికి రవ్వంత తెలుస్తాది. ట్యాంకుకు ఏమన్నా తెలుస్తాదా? తెల్దు.” కరెంటు తీగల్లోనూ ఇంతేనని చెప్పేవారు. పెద్ద లైను మీద ఊగుడు పుడితే అది ప్రతి ట్రాన్స్‌ఫార్మర్ దాటి ప్రతి ఇంట్లోకీ దాదాపు తగ్గకుండా దిగుతుంది. ఒక చిన్న మోటారు దగ్గర పుట్టింది మాత్రం పై లైనుకు ఎక్కేసరికే నీరసించిపోతుంది. “పైనుంచి దిగేది అలిసిపోదు, కిందినుంచి ఎక్కేది దోవలోనే అలిసిపోతాది” అనేవారు. వెనక బెంచీ మీద ఎవరో ఈ వాక్యం చెక్కి పెట్టారు కూడా.

ఇక ల్యాబ్ గోడ గడియారం సంగతి. అడిక్‌మెట్ గదుల నుంచి నడిచొచ్చే పిల్లలు రోజూ ఆలస్యంగా వచ్చేవాళ్ళు. తిట్టడం ఆయనకు చేతకాదు. అందుకని గడియారాన్ని ఏడు నిమిషాలు ముందుకు తిప్పిపెట్టారు. వారం తిరక్కుండానే అందరికీ తెలిసిపోయింది, మళ్ళీ ఎప్పటిలాగే ఆలస్యంగా రావడం మొదలుపెట్టారు. అయినా గడియారాన్ని ఎవరూ వెనక్కి తిప్పలేదు. ల్యాబ్‌లో కొత్తగా చేరినవాళ్ళకు మొదటిరోజే మేం చెప్పే మాట, “ఏడు తీసెయ్” అని. గడియారం చూడటం, మనసులో ఏడు తీసెయ్యడం, మా అందరికీ ఊపిరి పీల్చినంత అలవాటైపోయింది.

అప్పుడు నాకు పీహెచ్‌డీలో ఆరో ఏడు. ఫెలోషిప్ గడువు అయిపోయింది, పొద్దున ఒక కాలేజీలో క్లాసులు చెప్పి మధ్యాహ్నం ల్యాబుకు వచ్చేదాన్ని. తార్నాకలో ఒక కాలనీ వాళ్ళు సారు దగ్గరికి వచ్చారు. సాయంత్రమైతే లైట్లు కొట్టుకుంటున్నాయి, టీవీలు పాడవుతున్నాయి, పిల్లలు చదువుకోలేకపోతున్నారు అన్నారు. దోషిని కూడా వాళ్ళే తేల్చేశారు. లాలాపేట్ రోడ్డు మీద ఒక వెల్డింగ్ షాపు ఉంది. గేట్లు, కిటికీ గ్రిల్స్ చేసే చిన్న షాపు. ఆ నీలం మంట దారినపోయే ప్రతివాడికీ కనపడుతుంది కాబట్టి తప్పు కూడా అక్కడే ఉండాలని నమ్మేశారు. మీరు ఒక రిపోర్టు రాసిస్తే కరెంటాఫీసులో ఇచ్చేస్తామని కాలనీ సెక్రటరీ అన్నాడు.

“కొలిచినాక మాట్లాడదాం” అన్నారు సారు. ఇది ఆయన ఊతపదం. పెళ్ళి సంబంధం గురించి అడిగినా ఇదే చెప్పేవారు.

మా దగ్గర పనిచేసే రికార్డరు ఒక్కటే ఉండేది. వోల్టేజి ఎప్పుడెప్పుడు ఊగిందో టైముతో సహా దాచిపెట్టుకునే పెట్టె. దాన్ని కాలనీలో ఒక ఇంట్లో పెట్టాలి. షాపులో వెల్డింగ్ ఎప్పుడు మొదలుపెట్టి ఎప్పుడు ఆపాడో ఆ మనిషి చేతే పుస్తకంలో రాయించాలి. వారం తర్వాత రెండూ పక్కపక్కన పెట్టి చూడాలి. ఇంతే పని. ఆ రోజు నాలుగు క్లాసులు చెప్పి, బస్సులో నిలబడి వచ్చాను. రికార్డరు ఒళ్ళో పెట్టుకుని, గోడ గడియారం చూస్తూ, బటన్లు నొక్కి టైము పెట్టాను. ఏడు తీయలేదు. ఎందుకు తీయలేదని నన్ను నేను ఎన్ని వందలసార్లు అడిగినా జవాబు ఒకటే. అలిసిపోయి ఉన్నాను.

వెల్డింగ్ అన్న దగ్గరికి పుస్తకం తీసుకుని వెళ్ళింది కూడా నేనే. నలభై దాటిన మనిషి. నుదుటి మీదికి ఎత్తిన మాస్కుతోనే మాట్లాడాడు. “రాస్త మేడం, దాన్దేముంది. ఫోన్ల టైము చూసి రాస్త. నాకు గూడ గీ కరెంటు తోటి పరేషానే. సాయంత్రమైతే నా లైటు గూడ కొట్టుకుంటది. రాడు అంటుకోదు. గది ఆగేదాంక చాయ్ తాగి, మల్ల షురూ జేస్త.” నా చేతిలో నోటుబుక్కు ఉంది, పెన్నూ ఉంది. ఈ మాట రాసుకోలేదు. తప్పించుకోవడానికి చెప్తున్నాడులే అనుకున్నాను.

వారం తర్వాత రెండు కాగితాలూ పక్కపక్కన పెడితే ఎగిరి గంతేసినంత పని చేశాను. కాలనీలో లైట్లు ఎప్పుడు కొట్టుకున్నాయో సరిగ్గా అప్పుడే షాపులో వెల్డింగ్ మొదలైంది. ఒక్కరోజు కాదు, దాదాపు రోజూ, ప్రతిసారీ. నా థీసిస్‌లో ఒక అధ్యాయానికి సరిపడా సరుకు. సారు మాత్రం ఆ కాగితాలు పట్టుకుని చాలాసేపు గొణుక్కున్నారు.

“ఇంత చిన్న మిషనుది అంతదూరం పోతాదా పాపా? షాపు ట్రాన్స్‌ఫార్మర్ వేరే, కాలనీ ట్రాన్స్‌ఫార్మర్ వేరే. ఇది పెద్ద లైను మీదికి ఎక్కల్ల, మళ్ళా ఆడ దిగల్ల. నా లెక్కలో దోవలోనే అలిసిపోవల్ల గదా.”

“టైములు చూడండి సార్. ప్రతిసారీ కలుస్తున్నాయి.”

“రికార్డరు టైము సరిచూసినావా?”

“చూశాను సార్” అన్నాను. కొంచెం విసుగ్గానే అన్నాను. ఆరేళ్ళ తర్వాత కూడా నన్ను ఇంత చిన్న విషయం అడుగుతారేంటని.

ఆయన తన ముప్పై ఏళ్ళ లెక్కను పక్కన పెట్టి నా కొలతను నమ్మారు. రిపోర్టు రాసి సంతకం పెట్టారు. నెల తిరక్కుండా షాపుకు కరెంటు తీసేశారు. వెల్డింగ్ అన్న షట్టరు దించేసి, ఉప్పల్ వైపు ఎవరి దగ్గరో కూలికి వెళ్ళడం మొదలుపెట్టాడని విన్నాను. ఆ షట్టరు ముందు నుంచే రోజూ మా ఇంటికి వెళ్ళేదాన్ని. చూడకుండా వెళ్ళేదాన్ని.

మూడు నెలలు గడిచాయి. ఒక సాయంత్రం సారు ఎవరూ పిలవకుండానే ఆ కాలనీకి వెళ్ళారు. సంచీలోంచి బల్బు తీసి ఒకరి హాల్లో పెట్టి కూర్చున్నారు. బల్బు కొట్టుకుంది. షాపు మూతపడి మూడు నెలలైనా ఎప్పటిలాగే కొట్టుకుంది. మర్నాడు ల్యాబుకు వచ్చి, నన్ను రికార్డరు తెమ్మన్నారు. నేను తెచ్చి బల్ల మీద పెట్టి స్విచ్చు వేశాను. దాని మీద టైము వెలిగింది. ఆయన దాన్ని చూశారు, తలెత్తి గోడ గడియారం చూశారు. రెండూ ఒకటే టైము చెప్తున్నాయి.

“ఏడు” అన్నారు.

ఆయన స్టూలు జరుపుకుని, ఎక్కి, గడియారం దించి, ఏడు నిమిషాలు వెనక్కి తిప్పి మళ్ళీ తగిలించారు. తర్వాత ఇద్దరం కూర్చుని ఆ పాత కాగితాల్లో రికార్డరు టైముల్లోంచి ఏడేసి తీస్తూ వచ్చాం. కథ తలకిందులైపోయింది. లైట్లు కొట్టుకునేది ముందు. ఐదారు నిమిషాలకు అవి ఆగుతాయి. అవి ఆగాక వెల్డింగ్ అన్న చాయ్ గ్లాసు కింద పెట్టి వెల్డింగ్ మొదలుపెడతాడు. పాపం, లైట్లు నిలకడగా ఉన్నప్పుడే పనిచేసుకున్న మనిషిని పట్టుకుని, నీవల్లే లైట్లు ఊగుతున్నాయని మేం రాసిచ్చాం. ఊగుడు పెద్ద లైను మీద పుడుతోంది. తర్వాత సారు వాకబు చేస్తే తేలింది, కొంచెం అవతల ఇనుము కరిగించే కొలిమి ఒకటి సాయంత్రం షిఫ్టులో విడతలు విడతలుగా నడిచేది. అది పైనుంచి అందరిమీదా దిగింది, ఆ వెల్డింగ్ షాపు మీద కూడా.

“నేను చెప్తాను సార్. నేనే పెట్టానని రాసిస్తాను” అన్నాను. ఏడుస్తూనే అన్నాను.

“థీసిస్ ఇచ్చేది ఎప్పుడు?”

“ఈ నెలాఖరుకు.”

“ఇప్పుడు నువ్వు రాసిస్తే కమిటీలో వాళ్ళు మొత్తం థీసిస్సే అనుమానిస్తారు. ఆ ఒక్క అధ్యాయం తీసెయ్. మిగతాది నిలబడతాది. కాగితం మీద సంతకం నాది, గడియారం తిప్పింది నేను, రెండోసారి సరిచూడనిది నేను. నిన్ను ఎవురు అడిగినారు?”

అందుకని నేను ఊరుకున్నాను. ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఆయన మీద నాకు కృతజ్ఞత ఉంది, కోపమూ ఉంది. ఆ రోజు ఆయన, సరే పాపా, రాసియ్యి అని ఉంటే ఏడాదో రెండేళ్ళో వెనకబడేదాన్ని, అంతే. ఇలా ప్రతి ఆదివారం చర్చిలో మోకరించినప్పుడు మిగతా పాపాలన్నీ చెప్పుకుని దీన్ని ఒక్కదాన్నీ దాటేసే బతుకు ఉండేది కాదు. కానీ ఇది కూడా తప్పు ఆయన మీదికి నెట్టడమే, నాకు తెలుసు.

మర్నాడే నన్ను వెంటబెట్టుకుని వెల్డింగ్ అన్న ఇంటికి వెళ్ళారు. నేను సంచీ పట్టుకుని వెనక నిలబడ్డాను. సారు, “పొరపాటు అయింది నాయనా, మా గడియారం తప్పు” అని మొదలుపెట్టేసరికే ఆ మనిషి లేచాడు. “మీ గడియారం ఖరాబైతె నా పొట్ట కొడ్తరా సార్? మూడు నెలలు. నా షాపు ముంగట కెల్లి నేనే కూలికి వోతున్న. నా లైటు గూడ కొట్టుకుంటదని నేను అప్పుడే చెప్పిన. చెప్పిన్నా లేదా? ఎవరన్న ఇన్నరా?”

సారు వెనక్కి తిరిగి నా వంక చూశారు. ఒక్క క్షణం. ఈ మాట ఆయనకు అప్పుడే తెలిసింది. మళ్ళీ అటు తిరిగి, “విన్లేదు నాయనా. తప్పు నాదే” అన్నారు.

ఇంట్లో ఆడవాళ్ళు, పిల్లలు గుమ్మంలోకి వచ్చి చూస్తుంటే ఆ తిట్లన్నీ నిలబడి తిన్నారు. తిట్టి తిట్టి అలిసిపోయాక ఆ మనిషి నాకు కుర్చీ వేసి, మంచినీళ్ళు ఇప్పించాడు. “మీరేం చేస్తరు మేడం, సార్ చెప్పినట్టు రాసిన్రు” అన్నాడు. నేను కూర్చుని ఆ నీళ్ళు తాగాను. సారు నిలబడే ఉన్నారు.

ఆ తర్వాత ఆయన తన కొలతలో తప్పు ఉందని కరెంటాఫీసుకూ, కాలనీకీ, డిపార్టుమెంటుకూ ఉత్తరాలు రాశారు. వారాల తరబడి ఆఫీసు చుట్టూ తిరిగి షాపుకు కరెంటు తెప్పించారు. కొలిమికి వేరే లైను వేసేదాకా వదిలిపెట్టలేదు. తార్నాకలో లైట్లు నిలబడ్డాయి. స్టాఫ్‌రూములో మాత్రం ఎవరో పెద్దాయన టీ తాగుతూ “మన ఏడు నిమిషాల సారు” అన్నాడట. ఆ పేరు పైనుంచి దిగింది కదా, ఎక్కడా అలిసిపోలేదు. రీసెర్చి వాళ్ళ దగ్గరికి, హాస్టళ్ళలోకి, ఆ ఏడాది చేరిన ఫస్టియర్ పిల్లల దాకా దిగింది. ఆయన కోసం అనుకున్న ఒకటి రెండు కమిటీల్లోకి వేరేవాళ్ళను తీసుకున్నారు. నాకు డాక్టరేటు వచ్చింది. ఒకసారి క్యాంటీన్‌లో ఎవరో ఆయన నడకను అనుకరిస్తూ గడియారం చూసుకునే జోకు వేస్తే, అందరితోపాటు నేనూ నవ్వాను. ఇంతకంటే నీచంగా నేనెప్పుడూ నవ్వలేదు.

రిటైరయ్యాక కూడా ఆదివారాలు ఇంటికి పిలిచేవారు. ఆంటీ బొరుగులతో ఉగ్గాని చేసి, మిరపకాయ బజ్జీలు వేసి పెట్టేవారు. ఒకసారి తింటూ తింటూ, “సార్, ఆ విషయం ఇప్పుడన్నా చెప్పేద్దామా” అన్నాను. “ఉగ్గాని చల్లారిపోతాది, తిను” అన్నారు. నేను హాయిగా తిన్నాను. చివరిసారి ఆయన్ను చూసింది రెండు నెలల కిందట. తార్నాక చౌరస్తాలో చేతిలో కూరగాయల సంచీతో రోడ్డు దాటడానికి నిలబడి ఉన్నారు. బాగా తగ్గిపోయారు. నా స్కూటర్ సిగ్నల్ దగ్గర ఆగి ఉంది. పిలవొచ్చు, ఇంటి దగ్గర దింపొచ్చు. పచ్చలైటు పడగానే వెళ్ళిపోయాను. ఆయన్ను చూస్తే నాకు నేను గుర్తొస్తానని తప్పించుకుని తిరిగే దాకా వచ్చింది పరిస్థితి.

పోయిన గురువారం డిపార్టుమెంటు సెమినార్ హాల్లో సంతాపసభ పెట్టారు. ఫోటోకు దండ, ముందు అగరొత్తులు. మాట్లాడిన ప్రతివారూ ఆయన బల్బు సంచీ గురించి, ట్యాంకు బొమ్మ గురించి చెప్పారు. మాట్లాడిన ప్రతివారూ ఆ ఏడు నిమిషాల గురించి కూడా చెప్పారు. అంత గొప్పవాడు కూడా ఒక్కసారి పొరబడ్డాడు, పొరబడ్డానని ఒప్పుకున్నాడు అని. ప్రేమగా నవ్వుకున్నారు. ఆంటీ ముందు వరసలో తల దించుకుని కూర్చున్నారు.

నన్ను పిలిచారు. వెళ్ళి మైకు ముందు నిలబడి, ఆ రికార్డరుకు టైము పెట్టింది నేను, ఏడు తీయనిది నేను, సారు అడిగితే చూశానని చెప్పింది నేను అన్నాను. మాటలన్నీ స్పష్టంగానే అన్నాను. హెడ్డు గారు లేచి వచ్చి నా భుజం తట్టి, మైకు అందుకున్నారు. “చూశారా, గురువుగారి మీద మాట పడకుండా తన మీద వేసుకుంటున్నారు. అలాంటి శిష్యుల్ని తయారుచేశారాయన” అన్నారు. చప్పట్లు కొట్టారు. ఆంటీ కూడా కళ్ళు తుడుచుకుని చప్పట్లు కొట్టారు. నేను నిజమండీ, నిజమే చెప్తున్నాను అన్నాను. అప్పటికి మైకు నా దగ్గర లేదు. బయట సమోసాలు పంచుతున్నారు.

అక్కడి నుంచి తిన్నగా లాలాపేట్ వెళ్ళాను. ఇంకా ఎండ ఉంది. వెల్డింగ్ అన్న షాపు ముందు ఒక పెద్ద గేటు నిలబెట్టుకుని పనిచేస్తున్నాడు. నన్ను చూసి మాస్కు పైకెత్తాడు. జుట్టు నెరిసింది.

“ఏంది మేడం, మల్ల లైట్లు కొట్టుకుంటున్నయా?” అని నవ్వాడు.

“సారు పోయారన్నా.”

నవ్వు ఆగింది. “ఎప్పుడు?”

“పోయిన వారం.” ఇక ఆగకుండా మొత్తం చెప్పేశాను. రోడ్డు మీద బస్సులు పోతుంటే గొంతు పెంచి మరీ చెప్పాను. టైము నేను పెట్టిన సంగతి, నా థీసిస్ కోసం ఆయన ఆ తప్పు తన మీద వేసుకున్న సంగతి. “నీ లైటు కూడా కొట్టుకుంటుందని నువ్వు నాకు చెప్పావు. నేను రాసుకోలేదు. సారుకు చెప్పనూ లేదు.”

“అంటె నేను చెప్పింది సార్‌కు తెల్వనే తెల్వదా? మరి విన్లేదు, తప్పు నాదే అన్నడు గదా?”

“నన్ను కాపాడటానికి అన్నారు.”

అన్న చేతిలోని రాడును అటూ ఇటూ తిప్పాడు. తిడతాడని ఎదురుచూశాను. తిడితే బాగుండేది.

“ఆరేండ్ల సంది మేడం,” అన్నాడు చివరికి. “సారు కూరగాయలకు గీ రోడ్డు మీదికెల్లే పోతుండె. రోజూ ఒకపారి నిలవడి, బాగుండావా నాయనా అంటుండె. నేను మొఖం తిప్పుకుంటుంటి. ఒక్కపారి గూడ మాట్లాడలే. మొన్న ఎండాకాలంల దగ్గరికొచ్చి చెయ్యి వట్టుకున్నడు. నేను గుంజుకున్న.”

“నన్ను తిట్టన్నా” అన్నాను.

“మిమ్ముల తిడితె ఏమొస్తది.” ఆ మాటలో కోపం కూడా లేదు, విసిగిపోయినట్టు అన్నాడు. “ఆయనున్నప్పుడు చెప్పాలె మేడం. గిప్పుడు చెప్పిన్రు. గిప్పుడు నేను పొయ్యి ఎవర్ని అడగాలె మాఫీ?”

“మీరు పోండ్రి. పనున్నది” అని మాస్కు ముఖం మీదికి దించుకుని, గేటు మీదికి వంగాడు. నేను రోడ్డు దాటి స్కూటర్ దగ్గరికి వచ్చాను. తాళం కోసం బ్యాగులో వెతుక్కుంటూ వెనక్కి చూస్తే, వంగినవాడు వంగినట్టే ఉన్నాడు. రాడు ఇనుముకు జానెడు దూరంలో ఆగిపోయి ఉంది. బండి తీశాను. మలుపు తిరిగేదాకా అద్దంలో చూస్తూనే ఉన్నాను. మాస్కు దించుకుని అలాగే ఉన్నాడు, మంట వెలిగించలేదు.